బస్తా నడుంలోంచి మచ్చు

ఆ రోజు పొద్దున కొండలరావు బయల్దేరుతుంటే భార్య దుర్గాంబ గుమ్మం దాకా వచ్చి ఒక్కటే మాట చెప్పింది.

"అడిగినదానికి జవాబు చెప్పండి. అడగనిదాని జోలికి వెళ్లకండి. ఈ ఒక్కసారికి."

కొండలరావు బుద్ధిమంతుడిలా తలూపాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా చేతులు కాస్త ఎడంగా పెట్టుకుని నందిగామ బస్టాండు వైపు నడిచాడు. దారి పొడుగునా ఒకే వాక్యాన్ని మనసులో అప్పజెప్పుకున్నాడు. "ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ అండి, ప్రాబబిలిటీ బాగా చెబుతానండి." అంతే. అంతకు మించి ఒక్క ముక్క అనకూడదు. అది ఎనభై నాలుగో సంవత్సరం, జూన్ నెల. ముప్ఫై మూడేళ్లొచ్చినా కొండలరావుకి తనదని చెప్పుకోడానికి ఒక రేకుల షెడ్డూ, అందులో ట్యూషన్‌కొచ్చే పధ్నాలుగు మంది పిల్లలూ, నందిగామ మొత్తానికి పరిచయమైన ఒక నోరూ తప్ప ఏమీ లేవు.

సంగతేమిటంటే, జగ్గయ్యపేటలో కొత్తగా పెట్టిన ప్రైవేటు డిగ్రీ కాలేజీకి స్టాటిస్టిక్స్ లెక్చరర్ కావాలి. అప్లికేషన్లు రెండే వచ్చాయి. ఒకటి బెజవాడ కుర్రాడిది, ఫస్టు క్లాసు. రెండోది కొండలరావుది. ఇద్దర్లో ఎవర్ని తీసుకోవాలో తేల్చే పని కమిటీ వాళ్లు సెక్రటరీ వెంకటరత్నం గారికి అప్పజెప్పి చేతులు దులుపుకున్నారు. ఈ ఉద్యోగం రాకపోతే షెడ్డు ఖాళీ చేసి మామగారి ఊళ్లో ఎరువుల కొట్లో కూర్చోవడమేనని కొండలరావు ఇంట్లో నిన్ననే తేలిపోయింది.

వెంకటరత్నం గారు మిరపకాయల వ్యాపారి. ఆయన చదువు అయిదో తరగతితో ఆగింది గానీ, ఆయన బస్తాలోంచి మచ్చు తీస్తున్నారంటే చుట్టుపక్కల రైతులు హడలిపోతారు. మామూలు వ్యాపారులు బస్తా మూతి విప్పి పైనున్న నాలుగు కాయలు చూస్తారు. ఆ సంగతి రైతుకీ తెలుసు. అందుకే నిగనిగలాడే ఎర్రకాయంతా మూతి దగ్గర సర్ది, తెల్లబారిన తాలుకాయని నడుంలో దాస్తాడు. వెంకటరత్నం గారు మూతి వైపు కన్నెత్తయినా చూడరు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి దిగబడేదాకా బస్తాలోకి దూర్చి, సరిగ్గా నడుం దగ్గర గుప్పెడు లాగుతారు. లాగింది అరచేతిలో పరుచుకుని ఒక్క మాటంటారు. ఇక ఆ మాట మీద బేరం ఉండదు.

రోజూ ఎనిమిదింటికి ఆయన మొహిద్దీన్ టీకొట్లో బల్ల మీద కూర్చుని జగ్గయ్యపేట బస్సు కోసం చూస్తుంటారు. కొండలరావు ఏదో అటుగా పోతూ ఆగినట్టు ఆగాడు. పక్కనే సైకిల్ షాపు బుల్లిబాబు ఉన్నాడు. కొండలరావుతో చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్నవాడు.

"ఏరా కొండలూ, ఇస్త్రీ చొక్కా వేశావు, పెళ్లిచూపులా?" అన్నాడు బుల్లిబాబు.

కొండలరావు వినిపించుకోలేదు. వెంకటరత్నం గారికి నమస్కారం పెట్టి, అప్పజెప్పుకున్న వాక్యం తడుముకోకుండా అప్పజెప్పేశాడు.

"నీ కాగితం చూశానయ్యా, సంచీలోనే ఉంది," అన్నారు ఆయన. "ఆ ప్రాబబిలిటీ అనేది పిల్లలకి ఓ పట్టాన ఎక్కదంటున్నారు. నువ్వెలా నేర్చుకున్నావ్?"

అడిగారు! దుర్గాంబ ఏం చెప్పింది? అడిగినదానికి జవాబు చెప్పమంది. కొండలరావు గుండెల్లో ఒక్కసారిగా వెలుతురొచ్చింది. బల్ల అంచున కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"పెద్దగా చెప్పుకోదగ్గదేం లేదండీ."

బుల్లిబాబు వెంటనే ఇంకో టీ చెప్పాడు. కొండలరావు అలా మొదలెట్టాడంటే ఒక్క టీతో అయ్యే వ్యవహారం కాదని అతనికి అనుభవం.

"మా మాష్టారు దశరథరామయ్య గారని, పంచె కట్టుకుని ప్రాబబిలిటీ చెప్పేవారండి. మొదటిరోజు క్లాసుకొచ్చి, పుస్తకం లేదు గిస్తకం లేదు, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, ఇది ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంత అన్నారు. ముప్ఫై మందీ ఒక్క గొంతుతో సగం అన్నారండి. నేనొక్కణ్ణే అనలా. ఏవయ్యా నువ్వేమంటావ్ అన్నారు. లేచి నిలబడి, ముందా రూపాయి ఓసారి ఇటివ్వండి సార్ అన్నా. ఎందుకూ అన్నారు. రెండు వైపులా బొమ్మే ఉందేమో చూడాలి కద సార్ అన్నా. క్లాసు క్లాసంతా నిశ్శబ్దం! మాష్టారు నన్నలా ఎగాదిగా చూసి, కూర్చో అన్నారు."

"కూర్చో అన్నారా, బయటికి పో అన్నారా?" అన్నాడు బుల్లిబాబు.

"కూర్చో అనే అన్నారు. మెచ్చుకోలుగా అన్నారు."

అంతటితో ఆపితే ఎంత బాగుండేదో. ఆ ముక్కలో అబద్ధం మెచ్చుకోలు ఒక్కటే. కానీ వెంకటరత్నం గారి మొహంలో ఏ కదలికా లేదు. టీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నారు. ఎదుటి మొహం కదలకపోతే కొండలరావుకి ఊపిరాడదు. మెచ్చుకోనన్నా మెచ్చుకోవాలి, తిట్టనన్నా తిట్టాలి. ఊరికే వినే మనిషి ముందు అతని నాలుక తనంతట తనే పరుగందుకుంటుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? ఇంత అనుమానం ఉన్నవాడివి ఎగరేసి చూసుకో అని ఆ రూపాయి నా చేతికిచ్చేశారు. ఎగరేశా. వెయ్యిసార్లు ఎగరేశా. అయిదొందలు బొమ్మ, అయిదొందలు బొరుసు, ఒక్కటి అటూ ఇటూ లేదు. సరే ఇదేదో గుడ్డిదెబ్బేమో అని పదివేలసార్లు ఎగరేశా, అయిదువేలూ అయిదువేలు. ఇక పట్టుదలొచ్చేసిందండి. అన్నం తింటూ ఎడంచేత్తో ఎగరేయడం, స్నానానికెళ్తూ ఎగరేయడం, మూడు వారాలు తిరిగేసరికి రూపాయి మీది మూడు సింహాలూ అరిగి అరిగి మూడు పిల్లులైపోయాయి. లక్షోసారి ఎగరేస్తే, అటు బొమ్మా పడలా, ఇటు బొరుసూ పడలా."

"మరేం పడింది మాష్టారూ?" అన్నాడు మొహిద్దీన్, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

"నిలబడింది. అంచు మీద. నేను చెప్పేదాకా పడుకోలేదు."

మొహిద్దీన్ పొయ్యి దగ్గరికి పరిగెత్తాడు. వెంకటరత్నం గారు టీ ఒక గుక్క తాగారు. మొహం మాత్రం అలాగే ఉంది.

"రూపాయి సంగతి పోనీండి. అసలు తమాషా పుట్టినరోజులది," అంటూ కొండలరావు ఇంకాస్త ముందుకి జరిగాడు. "ఆగస్టు మొదటివారంలో మాష్టారు ఒక లెక్క చెప్పేవారండి. ముప్ఫై మంది కూర్చున్న గదిలో ఏ ఇద్దరికైనా ఒకేరోజు పుట్టినరోజయ్యే అవకాశం నూటికి డెబ్బై అని. మూడొందల అరవై అయిదు రోజులు పెట్టుకుని ముప్ఫై మందిలోనే కలుస్తాయా అని మాకు నమ్మకం కుదరదు. అయితే చూడండి అని ఒక్కొక్కర్నీ లేపి అడిగేవారు. మొదటివాడు జూలై ఒకటి సార్ అనేవాడు. రెండోవాడూ జూలై ఒకటే. నాలుగోవాడూ అంతే. ముప్ఫై మందిలో పదిహేడు మంది జూలై ఒకటి! ఇంకేముంది, లెక్క కాస్తా గంగలో కలిసేది. మన పల్లెటూళ్లలో బళ్లో వేసేటప్పుడు పుట్టినరోజు ఎవరికి గుర్తుంటుందండీ? హెడ్మాష్టారు పిల్లాడి మొహం చూసి, వీడికి అయిదేళ్లుండొచ్చు అనుకుని, జూలై ఒకటి అని రాసిపారేసేవాడు. మా మాష్టారు కళ్లజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుంటూ, 'జూలై ఒకటిన మన జిల్లాల్లో మంత్రసానులకి అన్నం తినే తీరికుండదు కాబోలు' అనేవారు. ప్రతి ఏడూ అదే వారం, అదే మాట, ఆ మాట దగ్గరే కళ్లజోడు తీయడం. క్లాసంతా గొల్లుమనేది."

"నాదీ జూలై ఒకటే మాష్టారూ," అన్నాడు మొహిద్దీన్ సంబరంగా.

"నాదీను," అన్నాడు బుల్లిబాబు.

వెంకటరత్నం గారు మొదటిసారి తల తిప్పి కొండలరావు వైపు చూశారు. ఒక్క క్షణమే. మళ్లీ రోడ్డు వైపు తిరిగారు. ఆ ఒక్క చూపుతో కొండలరావుకి ఏనుగెక్కినట్టయింది. మన మచ్చు ఆయనకి నచ్చింది, అనుకున్నాడు.

"అందరూ నవ్వుతుంటే నేను లేచి, సార్, మీ పుట్టినరోజు నే చెప్పనా అన్నా. చెప్పు చూద్దాం అన్నారు. మీదీ జూలై ఒకటే సార్ అన్నా. ఆయన చేతిలో చాక్‌పీసు జారి రెండు ముక్కలైంది. ఆ రోజునుంచీ యూనివర్సిటీలో నేను నడుస్తుంటే జనం పక్కకి తప్పుకునేవారండి, ఎక్కడ ఎదురుపడి వాళ్ల సంగతంతా చెప్పేస్తానోనని."

"మరి బస్సు సంగతి చెప్పగలవురా? ఎనిమిదిన్నర బస్సు, తొమ్మిదవుతోంది," అన్నాడు బుల్లిబాబు.

"బస్సా!" కొండలరావు లేచి కొట్టు ముందుకెళ్లి, చెప్పు మడమతో మట్టిలో అడ్డంగా ఒక గీత గీశాడు. "ఇదుగో, బస్సు మెట్టు సరిగ్గా ఈ గీత దగ్గర ఆగుతుంది, చూసుకో. ఇదేం కొత్తా నాకు? చదువుకునే రోజుల్లో సెలవులకొచ్చి మునగచర్ల అడ్డరోడ్డులో ఇలాగే గీత గీసుకుని నిలబడేవాణ్ణి. మొదట్లో బస్సు నా గీత దగ్గర ఆగేది. కొన్నాళ్లకి డ్రైవర్లు బస్సు దిగొచ్చి, ఇవాళ గీత ఎక్కడ గీస్తారు సార్ అని అడిగేవాళ్లు. చివరికి డిపో నుంచి కబురు. మీరొచ్చి కూర్చుని ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పండి, టైంటేబుల్ బోర్డు పీకేస్తాం అని. నేనే వద్దన్నా. చదువు పాడవుతుందని."

"ఆ బోర్డు ఉన్నా లేనట్టేలే," అన్నాడు మొహిద్దీన్.

ఎక్కడో లోపల దుర్గాంబ గొంతు వినిపించింది. ఇక చాలు, లేవండి అంటోంది. కొండలరావు లేవబోయాడు కూడా. అప్పుడే వెంకటరత్నం గారు గ్లాసు కింద పెట్టి, "ఊఁ" అన్నారు. ఆ ఊఁ అనడమే దెబ్బ తీసింది. ఊఁ కొట్టే మనిషి దొరికాక లేచిపోయిన కోతలరాయుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

"ఇక పరీక్ష సంగతి వినాలండీ మీరు. మామూలుగా ప్రాబబిలిటీ ఒకటి దాటదు. సున్నా అంటే జరగదని, ఒకటంటే ఖాయంగా జరుగుతుందని. నేను పాసయ్యే ప్రాబబిలిటీ ఎంతో చూద్దామని పరీక్షకి ముందురోజు లెక్కేసుకుంటే ఒకటింబావు తేలింది."

"ఖాయం కంటే పావు ఎక్కువ ఖాయమన్నమాట," అన్నాడు బుల్లిబాబు.

"అంతే మరి. హాల్లో కూర్చుని కలం పెట్టా. ఇచ్చిన పుస్తకం పావుగంటలో నిండింది. అడిషనల్ షీటు, అడిషనల్ షీటు అని చెయ్యెత్తడమే. కుట్టే దారం అయిపోయింది, ఆఫీసులో దారం అయిపోయింది, అటెండరు పరిగెత్తుకెళ్లి పూలకొట్టువాడి దగ్గర దారపుండ పట్టుకొచ్చాడు. మూడు గంటలయ్యేసరికి నా జవాబు కట్ట రిక్షాలో వేసి తీసుకెళ్లారు, రిక్షావాడు పెద్ద గేటు ఎత్తు దగ్గర దిగి తొయ్యాల్సొచ్చింది. దిద్దడానికి కలకత్తా నుంచి పెద్ద ప్రొఫెసరొచ్చాడు. ఆయన చదివి చదివి, మార్కులు వేయబోతే వంద చాల్లేదండి. నూట పన్నెండు వేశాడు. నూటికి నూట పన్నెండు ఎలా ఇస్తారని యూనివర్సిటీలో పెద్దలంతా మీటింగు పెట్టారు. ఆ పన్నెండూ వెనక్కి తీసుకోడానికి వీల్లేకపోతే, ఎవరో పన్నెండు తక్కువై తప్పిన కుర్రాడికి వేసి పాస్ చేశారు. వాడిప్పటికీ నాకు ఉత్తరాలు రాస్తాడు."

"ఎక్కడున్నాడేం వాడు?" అన్నాడు బుల్లిబాబు.

"కలకత్తాలోనే. ఆ ప్రొఫెసరుగారి అల్లుడయ్యాడు."

మొహిద్దీన్ పొయ్యి వదిలేసి వచ్చి పక్కనే నిలబడ్డాడు. రోడ్డవతల బడ్డీకొట్టువాడు కూడా తల బయట పెట్టి వింటున్నాడు. కొండలరావుకి ఇప్పుడు చొక్కా ఇస్త్రీ గుర్తులేదు, ఉద్యోగం గుర్తులేదు, ఎరువుల కొట్టు గుర్తులేదు. చేతులు గాల్లో తిరుగుతున్నాయి.

"ఇదంతా ఒక ఎత్తు. మా మున్నేరు సంగతి ఒక ఎత్తు. మాది పెనుగంచిప్రోలేగా. ఒక ఏడు వరదొస్తుందని ఊరంతా సామాన్లు అటకలెక్కిస్తున్నారు. నేను ఒడ్డున కూర్చుని కాగితం మీద ఓ లెక్కేసి, భయపడకండి, నీళ్లు మన రేవులో పన్నెండో మెట్టు మీద నాలుగంగుళాల దాకా వస్తాయి, అక్కడ ఆగుతాయి అని చెప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వచ్చాయి. పన్నెండో మెట్టెక్కాయి. మూడంగుళాల దగ్గర ఆగిపోయాయి."

"అంగుళం తప్పావన్నమాట," అన్నాడు బుల్లిబాబు.

"నేనూ అలాగే అనుకున్నా. ప్రాణం ఉసూరుమంది. ఇంటికెళ్లి లెక్క మళ్లీ మొదట్నుంచి వేశా. అణా పైసలతో సరిపోయింది. నా తప్పు కాదు, మున్నేరుది. పొద్దున్నే రేవుకెళ్లి కాగితం తీసి మున్నేరుకి చూపించా. ఏవమ్మా, ఇదేనా పద్ధతి అన్నా. మీరు నమ్మరు. చూస్తుండగానే ఆ అంగుళం పైకొచ్చింది. వచ్చి, నా కాళ్లు తడిపి, వెనక్కెళ్లిపోయింది."

ఇంత కోత కోశాక చప్పట్లు కొట్టాలో నవ్వాలో ఎవరికీ తోచలేదు. కొండలరావు రొమ్ము విరుచుకుని వెంకటరత్నం గారి వైపు చూశాడు.

వెంకటరత్నం గారు నెమ్మదిగా చొక్కా కుడిచెయ్యి మడుచుకున్నారు. అది అలవాటు కొద్దీ చేశారో, కావాలనే చేశారో తెలీదు. బుల్లిబాబు మటుకు గ్లాసు పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాడు.

"ఎమ్మెస్సీ ఎన్నేళ్లయ్యా కొండలరావ్?"

"రెండేళ్లండి."

"ఆ పుట్టినరోజుల పాఠం?"

"మొదటి ఏడులోదండి."

"అంటే ఏ కుర్రాడైనా ఒక్కసారి వింటాడు. నువ్వేమో మంత్రసానుల మాట ప్రతి ఏడూ అంటారన్నావు. అదే వారం అన్నావు, ఆ మాట దగ్గరే కళ్లజోడు తీస్తారన్నావు." ఆయన గొంతు ఏమాత్రం పెంచలేదు. "నువ్వెన్నిసార్లు విన్నావ్?"

మొహిద్దీన్ పాలు ఈసారి నిజంగానే పొంగిపోయాయి. ఎవరూ వెళ్లలేదు.

కొండలరావు నోరు తెరిచాడు. ఇంకో కోత నాలుక చివరకొచ్చింది, దాన్ని బయటికి తోస్తే గట్టెక్కేవాడేమో కూడా. కానీ వెంకటరత్నం గారి కళ్లు ఎక్కడ నిలిచాయో చూశాక తోయబుద్ధి కాలేదు. అరచేతిలో కాయలు పరుచుకున్నప్పుడు చూసే చూపు అది. ఇంత భయం తనకి ఏ పరీక్ష హాల్లోనూ వేయలేదు. ఉద్యోగం పోయినట్టే. దుర్గాంబకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

"మూడుసార్లండి," అన్నాడు.

"ఊఁ."

"మొదటి ఏడు ప్రాబబిలిటీ పోయిందండి. రెండో ఏడు మళ్లీ రాశా, మళ్లీ పోయింది. మిగతావన్నీ పాసయ్యా, అదొక్కటే. తప్పినవాళ్లు పరీక్షకొస్తే చాలు, క్లాసుకి రానక్కర్లేదు. నేనే సిగ్గు విడిచి జూనియర్ల వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. మాష్టారు చూసి కూడా ఏమీ అనేవారు కాదు. మూడో ఏడు మంత్రసానుల మాట దగ్గర నవ్వాలా వద్దా అని ఆలోచించి, నవ్వా."

"మరి నూట పన్నెండు?" అన్నాడు బుల్లిబాబు. వెక్కిరింతగా కాదు, పాపం, నిజంగానే అడిగాడు.

"మొదటిసారి పదకొండు. రెండోసారి పంతొమ్మిది."

"ఎందుకు పోయింది?" అన్నారు వెంకటరత్నం గారు.

కొండలరావు కాసేపు చేతులు చూసుకున్నాడు. ఆ చేతులకి ఇప్పుడు పనేమీ లేదు.

"కుండ లెక్క దగ్గరండి. ఒక కుండలో అయిదు ఎర్ర బంతులు, మూడు తెల్ల బంతులు ఉన్నాయి. ఒకటి తీస్తే ఎర్రది వచ్చే అవకాశం ఎంత? ఎనిమిదింట అయిదని చిన్నపిల్లాడైనా చెబుతాడు. నేను మాత్రం, కుండ నింపిందెవరో చెప్పకుండా జవాబు చెప్పలేం అని రాశా. పైన చెయ్యి పెడితే ఎర్రదే వస్తుంది, నడుంలో పెడితే తెల్లదే వస్తుంది అని రాశా. ఆ పేపరు నిండా అలాంటి లెక్కలేనండి. ప్రతి లెక్కకీ నాది అదే గొడవ."

బడ్డీకొట్టువాడు ఫక్కున నవ్వాడు. వెంకటరత్నం గారు నవ్వలేదు.

"బాగా కలిపిన కుండ అనుకోవయ్యా అని మాష్టారు మూడేళ్లు చెప్పారు. ఆ మాట చెవిలో పడేది గానీ లోపలికి దిగేది కాదు. కలుపుతారని ఎలా నమ్మడం? మా ఇంట్లో నేను చూసింది వేరు కదండీ." గొంతు కాస్త తగ్గింది. "మా నాన్న పోయి నాలుగేళ్లయింది. ఈ మాట బయట ఎప్పుడూ అనలేదు. బస్తాలు నింపేటప్పుడు ఎర్రకాయ మూతికి సర్దడం చిన్నప్పుడు నాకాయనే నేర్పారు. అది తప్పని కూడా నాకు తెలీదు. కాయలు నింపడమంటే అదే అనుకున్నా."

"మరెప్పుడు ఎక్కింది?" అన్నారు వెంకటరత్నం గారు.

"డెబ్బై ఆరు శివరాత్రి సెలవులకొచ్చానండి. నాన్నతో బండి కట్టుకుని నందిగామొచ్చాం, ఒక వ్యాపారి కొట్టుకి. ఆయన మూతి దగ్గర చూడలేదు. నడుంలో చెయ్యి పెట్టి గుప్పెడు తాలు లాగారు. నాన్న మొహం చూడలేకపోయా. ఆయన ఒక్క తిట్టు కూడా తిట్టలా. బస్తా అరుగు మీద కుమ్మరించి, బాగా కలిపి, అప్పుడు పిలువు అని లోపలికెళ్లిపోయారు. నేనూ నాన్నా పారతో కలిపాం. ఆ అరుగు మీదండి, పార చేతిలో ఉండగా, మా మాష్టారు మూడేళ్లు చెప్పిన మాట..."

"పెనుగంచిప్రోలు బసవయ్య," అన్నారు వెంకటరత్నం గారు.

కొండలరావు తలూపాడు.

"మూతి దగ్గర పెళ్లికూతురులాంటి కాయ, నడుంలో మొత్తం తాలు. ఆ బస్తా నాకు బాగా గుర్తు. పక్కన సన్నగా ఓ కుర్రాడు కూడా ఉన్నాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు ఆ రోజు." ఆయన మొదటిసారి కాస్త నవ్వారు. "కలపడం అయ్యాక నేను మళ్లీ బయటికొచ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీ నాన్న నా చెయ్యి పట్టుకుని ఆ రాశిలో పెట్టి, 'ఇప్పుడు చూసుకోండి, ఎక్కడ తీసినా ఒకటే' అన్నాడు."

"ఆ మాటేనండి," అన్నాడు కొండలరావు. "ప్రాబబిలిటీ అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. ఏప్రిల్లో పరీక్ష రాసి పాసయ్యా. యాభై రెండు."

"యాభై రెండేనా? నిజంగా?" అన్నారు వెంకటరత్నం గారు.

"యాభై రెండేనండి."

దూరంగా హారన్ వినిపించింది. జగ్గయ్యపేట బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి, మట్టిలో గీసిన గీతని దాటేసి, నలభై అడుగుల అవతల ఆగింది. జనం మూటలు పట్టుకుని దాని వెనక పరిగెత్తారు. గీతని కొండలరావు చెప్పుతో మెల్లిగా చెరిపేశాడు.

వెంకటరత్నం గారు తాపీగా లేచి సంచీ భుజానికి తగిలించుకున్నారు.

"మొన్న ఆ బెజవాడ అబ్బాయొచ్చాడు. ఫస్టు క్లాసు, మంచి పిల్లాడే. పాఠం ఎవరికన్నా అర్థం కాకపోతే ఏం చేస్తావయ్యా అని అడిగా. అర్థం కాకపోవడానికి అందులో ఏముందండీ అన్నాడు. వాడికి మొదటిసారే వచ్చేసింది, పాపం. మా పిల్లలు మీ పెనుగంచిప్రోలు నుంచీ వేదాద్రి నుంచీ వస్తారు. వాళ్లెక్కడ ఆగిపోతారో, ఎందుకాగిపోతారో, మూడేళ్లు అక్కడే నిలబడినవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? సోమవారం వచ్చి చేరు."

కొండలరావుకి వెంటనే మాట రాలేదు. అది ఆ టీకొట్టు చరిత్రలోనే మొదటిసారి. బుల్లిబాబు వచ్చి వీపు మీద ఒక్క చరుపు చరిస్తే ఇస్త్రీ చొక్కా కాస్తా నలిగిపోయింది.

వెంకటరత్నం గారు నాలుగడుగులు వేసి ఆగారు. సంచీలోంచి అప్లికేషన్ తీసి, చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని చదివారు.

"ఏవయ్యా, ఇక్కడ పుట్టినతేదీ జూలై ఒకటి అని రాశావు. ఇది నిజమేనా, ఇదీ కోతేనా?"

"కోతేనండి," అన్నాడు కొండలరావు కళ్లు తుడుచుకుంటూ. "కాకపోతే అదొక్కటీ నాది కాదు. మా హెడ్మాష్టారిది."